వెండితెర కాదు... వెండితీగ!

మీరంతా వెండితెర అభిమానులు. నేనేమో వెండితీగ పనివాణ్ణి. చివరి రెండక్షరాలే తేడా! ఆ రెండక్షరాల మధ్యే నా అరవై ఆరేళ్ళూ గడిచిపోయాయి.

తారల కబుర్లు చదువుదామని పేజీ తిప్పితే, కుంపటి ముందు కూర్చున్న ఈ ముసలాయన ఎవరా అని చిరాకు పడకండి. ఈ కథలోనూ సినిమా ఉంది. సెకండ్ షో ఉంది. మద్రాసు ప్రయాణం ఉంది. ఓ హీరో ఉన్నాడు, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. హీరోయిన్ మాత్రం ఓ నెమలి. వెండి నెమలి!

మాది కరీంనగర్. వెండిని దారంలా సాగదీసి, ఆ దారంతో పువ్వులు, పక్షులు, పెట్టెలు, పన్నీరు బుడ్లు అల్లడం మా పని. ఇంగ్లీషులో ఫిలిగ్రీ అంటారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో ఉందట. ఫిలుం అంటే దారం, గ్రానుం అంటే గింజ. మా ఊళ్ళో సినిమా రీలును కూడా పెద్దవాళ్ళు "ఫిలుం" అనేవాళ్ళు లెండి! ఈ దారం, గింజ అన్న రెండు మాటలూ గుర్తుంచుకోండి. కథ చివర పనికొస్తాయి.

సీన్ నెంబర్ వన్

2025 చివర్లో ఓ మధ్యాహ్నం. తలుపు దగ్గర మోటారు సైకిలు ఆగింది. బుజానికి సంచి, చెదిరిన జుట్టు, నిద్ర చాలని కళ్ళు. లోపలికొచ్చి "తాతా, వెండి కరిగిచ్చి లెక్క గట్టి ఇస్తరట గద?" అన్నాడు.

"వెండిషాపుల అడుగకపోయినవా?"

"అడిగిన. సందుల మురికి ఉంటది, అతుకుల లోహం ఉంటది అని కోత చాన చెప్తున్నరు. మీరు చేసిన పనే గాబట్టి మీకైతే తెలుస్తదని పంపిచ్చిండ్రు."

సంచిలోంచి పాత తువ్వాల తీసి, మూట విప్పి, బల్ల మీద పెట్టాడు. అత్తరుదాని. నెమలి ఆకారం. నల్లబడిపోయింది. పింఛంలో రెండు ఈకలు వంగిపోయాయి. పెట్టినప్పుడు ఓ చిన్న చప్పుడైంది.

గల్...

నా చేతిలో పట్టకారు కింద పడింది. అబద్ధం కాదు. సినిమాల్లో తప్పిపోయిన తమ్ముణ్ణి పాట విని గుర్తుపడితే, "ఇదంతా నిజంగా జరుగుతుందా!" అని నవ్వుకునేవాణ్ణి. జరుగుతుంది! ఆ నెమలిని చేతిలోకి తీసుకుని మెల్లగా ఊపాను. మళ్ళీ గల్... మెడలో మూడు పేటల హారం. సందేహం లేదు.

అది మా బాపు చేసిన నెమలి. నేను పాడుచేసిన నెమలి!

ఫ్లాష్ బ్యాక్

మా దిక్కు తండ్రిని బాపు అంటాం. మీరు డైరెక్టరు బాపుగారు అనుకునేరు! మా బాపు కూడా గీతల మనిషే గానీ, ఆయన గీత కాగితం మీద ఉండదు, గాల్లో ఉంటుంది. తీగతో గీసేవాడు.

ఈ పని పుట్టిల్లు ఎలగందుల అని మా పెద్దల మాట. కరీంనగర్ నుంచి సిరిసిల్ల దారిలో, మానేరు ఒడ్డున కోట ఉన్న ఊరు. ఒకప్పుడు జిల్లాకు అదే కేంద్రం. 1905లో కచేరీలు కరీంనగర్‌కు మారాయి. అధికారం ఎటుపోతే కానుకలూ అటే పోతాయి గదా! మా అవుసలి కుటుంబాలు కూడా కుంపట్లు ఎత్తుకుని ఇటే వచ్చాయి. నవాబుల కాలంలో పాన్‌దానులు, అత్తరుదానులు, పన్నీరు బుడ్లు ఇక్కడి నుంచే హైదరాబాదు వెళ్ళేవి. ఏడో నిజాం ఏలుబడికి పాతికేళ్ళు నిండాయని 1937లో రజతోత్సవం చేశారు. మీకు రజతోత్సవం అంటే పాతిక వారాలు ఆడిన సినిమా గుర్తొస్తుంది. మావాళ్ళకు నిజాం రజతోత్సవం గుర్తొచ్చేది. పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది, ఆ ఉత్సవానికి వచ్చిన కానుకలు అందులో పెట్టారు. వెళ్ళినప్పుడు వెండి సామాన్ల దగ్గర కాస్త నిలబడండి.

నేను పదో ఏట కుంపటి ముందు కూర్చున్నాను. మొదటి రెండేళ్ళు ఊదడమే పని. ఆ తర్వాత తీగ లాగడం. ఉక్కు పలక మీద వరసగా బెజ్జాలుంటాయి, ఒకదాని కంటే ఒకటి సన్నం. దాన్ని కమ్మచ్చు అంటాం. మూసలో కరిగించిన వెండిని కడ్డీగా పోసి, సుత్తితో సాగగొట్టి, కొన సన్నం చేసి, మొదటి బెజ్జంలోంచి దూర్చి పట్టకారుతో లాగాలి. తర్వాత రెండోది. ఆ తర్వాత మూడోది. మధ్యమధ్య వెండి మొండికేస్తుంది, బిరుసెక్కుతుంది. అప్పుడు నిప్పు మీద కాచి చల్లార్చి మళ్ళీ లాగాలి. తొందరపడితే తెగుతుంది. అలా లాగి లాగి చివరికి తల వెంట్రుకతో పోటీపడే తీగ చేతికొస్తుంది.

సన్న తీగలు రెండు తీసుకుని, చెక్కల మధ్య పెట్టి పేనుతాం. మా అవ్వ దేవుడికి వత్తి చేసినట్టే! ఆ పేటను చదును చేస్తే, అంచు రంపపు పళ్ళలా కనిపిస్తుంది. మీ కంటికి ఆ పళ్ళు కనిపించవు, మెరుపు కనిపిస్తుంది. నున్నటి రేకు ఓ చోటే మెరిస్తే, ఈ తీగ ప్రతి పన్ను దగ్గరా మెరుస్తుంది. అందుకే మా పని దీపం వెలుతురులో చూడాలంటాను.

ఇక అల్లిక. ముందు లావు తీగతో చట్రం కడతాం. ఈక అయితే ఈక ఆకారం, ఆకైతే ఆకు. దాన్ని కాకిబంగారం రేకు మీద పెట్టి, లోపల సన్నతీగను చుట్టలు చుట్టలుగా వంచి కూరుస్తాం. ఒక్కో చుట్ట కందిగింజంత కూడా ఉండదు. అవి కదలకుండా గురివిందగింజ నూరిన బంక. ఆపైన వెలిగారం, అతుకు పొడి చల్లి, దీపం మంటను ఊదుగొట్టంతో దాని మీదికి పంపుతాం.

అదీ అసలు ఘట్టం! వెండి కరగడానికి 961 డిగ్రీల వేడి కావాలి. అతుకు పొడి దాని కంటే కాస్త ముందు కరుగుతుంది. ఆ "కాస్త"లోనే మా బతుకంతా ఉంది. పొడి కరిగి, మెరిసి, సందుల్లోకి పాకిన క్షణంలో ఊదడం ఆపెయ్యాలి. రెప్పపాటు ఆలస్యమైతే పదిహేను రోజుల పని ఒక చుక్క అవుతుంది. ఇప్పుడు గ్యాస్ మంట వచ్చింది గానీ, రెప్పపాటు మాత్రం మారలేదు.

సెకండ్ షో

మా బాపు నాకు సినిమా వద్దనలేదు. మ్యాట్నీకి పొమ్మనేవాడు. ఫస్ట్ షోకి కూడా సరే. సెకండ్ షో మాత్రం వద్దనేవాడు.

"నీ కండ్లు నీయి గావు బిడ్డా. పనియి" అనేవాడు.

1977 సంక్రాంతికి "దాన వీర శూర కర్ణ" విడుదలైంది. రామారావుగారు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ వేసి, దర్శకత్వం కూడా చేసిన సినిమా. ఆ సినిమా మా ఊరి టాకీసులో ఆడుతోంది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. కవచ కుండలాలు, కిరీటాలు, భుజకీర్తులు... వాటిని ఎలా చేశారో చూడాలని కూడా నాకు ఆశ. మ్యాట్నీకి టికెట్ దొరకలేదు. ఫస్ట్ షోకీ దొరకలేదు. ఇంకేముంది! బాపు నిద్రపోయాక గోడ దూకాను.

ఆ సినిమా నిడివి దాదాపు నాలుగు గంటలని మీకు తెలుసు గదా! ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము. కళ్ళు మూస్తే కురుక్షేత్రం. తెరిస్తే కుంపటి!

ఆ రోజే నెమలి మెడను ఒంటికి అతకాలి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పెళ్ళి సామాను అది. పెళ్ళికూతురికి అత్తవారిచ్చే అత్తరుదాని. సాయంత్రానికి మనిషి వస్తాడు. బాపు చట్రం పట్టుకున్నాడు. నేను ఊదుతున్నాను. పొడి మెరిసింది. ఆపాలి. నా రెప్ప వాలింది. శ్వాస మాత్రం ఆగలేదు.

రెప్ప ఎత్తేసరికి నెమలికి సగం మెడ లేదు. దాని బదులు ఓ వెండి గుండు. పెసరగింజంత. కాకిబంగారం రేకు మీద అటూ ఇటూ దొర్లుతోంది.

చెంపదెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. బాపు చాలాసేపు ఆ గుండునే చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"సినిమా ఎట్లున్నది రా?" అన్నాడు.

నా నోట మాట రాలేదు. ఆ ఒక్క ప్రశ్న కంటే చెంపదెబ్బే నయం అనిపించింది.

సాయంత్రం దాకా బాపు లేవలేదు. తినలేదు. మిగిలిన మెడను కత్తిరించి, కొత్త తీగ అల్లి అతికాడు. పాత అల్లికకూ కొత్త అల్లికకూ మధ్య గీత కనిపిస్తోంది. మరి దాన్నెలా దాచాలి? మూడు పేటల తీగ హారం పేని నెమలి మెడలో వేశాడు! పెళ్ళికూతురింటికి పోయే నెమలి గదా, నగ లేకుండా ఎట్లా పోతుందన్నాడు.

మరి ఆ పెసరగింజంత గుండు? దాన్ని నెమలి పొట్టలో వేసి డిప్పలు రెండూ మూసి అతికాడు. ఎందుకని అడిగాను. మా పనిలో ఓ కట్టుబాటుంది. గిరాకీ ఇచ్చిన వెండి ఎంతో, వస్తువులో అంతా తేలాలి. అరిగింది, రాలింది చెప్పి లెక్క ఒప్పజెప్పాలి.

"కరిగిన వెండి కూడా వాళ్ళదే. పొట్టల ఉండనీ. నెమలికి గజ్జె గట్టినట్టు ఉంటది" అన్నాడు.

సాయంత్రం వచ్చిన పెద్దమనిషికి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన నెమలిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నవ్వి, తీసుకుపోయాడు. ఆ తర్వాత "హారం నెమలి" కావాలని అడిగిన గిరాకీలెందరో! ఆ హారం వెనక ఓ సెకండ్ షో ఉందని వాళ్ళకు తెలియదు. కానీ గజ్జె ఉన్న నెమలి మాత్రం ఒక్కటే.

ఇంటర్వెల్: మద్రాసు మజిలీ

ఆ తప్పు తర్వాత నాకు పని మీద భయం, సినిమా మీద ప్రేమ రెండూ పెరిగాయి. 1979లో బాపుకు చెప్పే బయల్దేరాను. వరంగల్ దాకా బస్సు, అక్కణ్ణించి మద్రాసు రైలు. సంచిలో నేను సొంతంగా అల్లిన కర్ణకుండలాల జత. సినిమాల్లో రాజులకూ రాణులకూ నగలు చేసే పని దొరక్కపోతుందా అని ధీమా!

వడపళనిలో మూడు రోజులు తిరిగితే, నాలుగో రోజు ఓ స్టూడియోలో కళాదర్శకుడి దగ్గర పనిచేసే సహాయకుడు ఒకాయన దయతలచి లోపలికి రానిచ్చాడు. కుండలాలు చూసి "అబ్బ!" అన్నాడు. దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. తర్వాత మూలనున్న పెట్టె తెరిచి ఓ కిరీటం నా చేతిలో పెట్టాడు. ఈకలాగా ఉంది! అట్ట, జిలుగు కాగితం, అద్దం రాళ్ళు.

"తమ్ముడూ! నటుడు దీన్ని పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నెత్తిన మోయాలి. నీ వెండి పెడితే మెడ పట్టేస్తుంది. పైగా పదడుగుల దూరం నించి కెమెరాకి నీ అల్లికా నా అట్టా ఒక్కటే. మాది దూరం నించి చూసే పని, నీది దగ్గరగా చూసే పని" అన్నాడు.

మనసు చివుక్కుమంది. కుండలాలు పొట్లం కట్టుకుని రైలెక్కాను. దారంతా ఆయన మాటే. ఇంటికొచ్చి బాపుతో చెబితే ఆయన మొహం విప్పారింది.

"మంచి మాట చెప్పిండు గదరా! మనది క్లోజప్ పని" అన్నాడు.

సినిమా తెలియని మనిషికి క్లోజప్ అన్న మాట ఎట్లా తెలిసిందో! అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మా బాపు కూడా ఎప్పుడో సెకండ్ షోలకు పోయినవాడే అని నా అనుమానం.

చెప్పొద్దూ, ఆ రోజు నుంచే నాకు పని అంటే ఇష్టం మొదలైంది. మా పనిలో వెండి ఎంతుంటుందో ఖాళీ కూడా అంతుంటుంది. ఆ ఖాళీ ఎక్కడ వదలాలో తెలియడమే విద్య. అంగుళం మేర పూరేకులో పదీ పదిహేను చుట్టలు పడతాయి. ఒక్కటి ఒరిగినా మిగతావన్నీ ఒరిగినట్టే. ఎంత దగ్గరగా చూస్తే అంత కథ కనిపిస్తుంది.

ఆపైన ఎన్నో చేశాను. నెమళ్ళు, హంసలు, తేర్లు, పళ్ళేలు, కుంకుమ భరిణెలు, చార్మినార్లు. శతదినోత్సవాల జ్ఞాపికలు కూడా చేశాను. నా చేతి వీణ ఓ గాయని ఇంట్లో ఉందని విన్నాను. చేసినవాడి పేరు దాని మీద ఉండదు. సినిమాకైతే టైటిల్సుంటాయి, లైట్ బాయ్ పేరు కూడా పడుతుంది. మాకు ఆ భాగ్యం లేదు. 2007లో కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఊరికి పేరొచ్చిందన్నమాట! 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జి-20 సమావేశానికి వచ్చిన అతిథుల కోసం అశోకచక్రం బ్యాడ్జీలు ఇక్కణ్ణించే వెళ్ళాయి. టీవీలో పెద్ద పెద్ద దేశాల వాళ్ళు కనిపిస్తుంటే మావాళ్ళు వాళ్ళ మొహాలు చూడలేదు, కోటు మీదే చూపంతా! ఒడిశాలో కటక్ వాళ్ళూ ఇదే పనిని తారకశి పేరుతో చేస్తారు. వాళ్ళకు 2024లో ఆ గుర్తింపు వచ్చింది.

పేరొచ్చింది. పనివాళ్ళు మాత్రం తగ్గుతున్నారు. నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. నడుము పోతుంది. నలభై దాటేసరికి కంటికి అద్దం కావాలి. నా కొడుకు ఆర్డర్లు, లెక్కలు చూసుకుంటాడు గానీ ఊదుగొట్టం ముట్టడు. వాణ్ణి తప్పుపట్టను. వాడి కళ్ళు వాడివి.

క్లైమాక్స్

ఇక మళ్ళీ ఆ మధ్యాహ్నానికి వద్దాం. నెమలిని చేతిలో పెట్టుకుని కుర్రాణ్ణి అడిగాను.

"ఇది ఎవరిది కొడుకా?"

"మా నాయినమ్మది. పోయి రెండేండ్లయింది. పోయేముందు నాకే ఇచ్చింది."

"మరి ఎందుకు కరిగిస్తున్నవ్?"

కాస్త సిగ్గుపడి చెప్పాడు. షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడట! ఇరవై నిమిషాలది. సగం తీశాక డబ్బులు అయిపోయాయి. కెమెరా అద్దె, మనుషుల తిండి, ఎడిటింగు. ఇంట్లో అడిగితే ఉద్యోగం చూసుకో అంటున్నారు. 2025లో వెండి ధర కిలో లక్షన్నర రూపాయలు దాటింది. నెమలి 230 గ్రాములు. పాత లెక్కలో ఇరవై తులాలకు కొంచెం తక్కువ. కరిగిస్తే ముప్పయి, ముప్పయి అయిదు వేలు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సినిమా కోసం ఈ నెమలి మెడ ఒకసారి కరిగింది. ఇప్పుడు సినిమా కోసమే ఒళ్ళంతా కరగడానికి వచ్చింది!

"కూసో బిడ్డా. నీది సినిమా పనే గదా, నీకో సినిమా ముచ్చట చెప్తా" అన్నాను. మా ఊరి ఫిలిం సొసైటీ వాళ్ళ దగ్గర ఎప్పుడో విన్న ముచ్చట.

వెండితెర అని ఊరికే అనలేదు. వెనకటి రోజుల్లో బొమ్మ బాగా మెరవాలని తెరకు వెండిరంగు పూత పూసేవాళ్ళు. తెర సంగతి అలా ఉంచి, ఫిలిం సంగతి చూడండి. ఫిలిం మీద పూసేది వెండి లవణాలు. నలుపు తెలుపు సినిమాలో మీరు చూసే నలుపు సన్నటి వెండి రేణువులే. "మాయాబజార్"లో శశిరేఖ కాటుక కళ్ళు... వెండే! అంచేత పాతబడ్డ ఫిలిం రీళ్ళను వెండి కోసం కొనేవాళ్ళు తయారయ్యారు. ఫిలింను కడిగితే వెండి వస్తుంది. బొమ్మ పోతుంది.

మన దేశంలో మూకీల కాలంలో దాదాపు 1300 సినిమాలు తీశారు. మిగిలినవి బహు కొద్ది. తడికి కొన్ని, నిప్పుకు కొన్ని, వెండికి కొన్ని పోయాయి. 1931లో వచ్చిన మన దేశపు తొలి టాకీ "ఆలం ఆరా" ఒక్క ప్రింటు కూడా లేదు. పూణేలో 1964లో ఏర్పడ్డ జాతీయ ఫిలిం ఆర్కైవ్‌ను నిలబెట్టిన పి.కె. నాయర్‌గారు ఆ సినిమా కోసం తీసినవాళ్ళ ఇంటికే వెళ్ళారు. వెండి తీసుకుని రీళ్ళు వదిలించుకున్నామని ఆ ఇంట్లోవాళ్ళే తర్వాత ఒప్పుకున్నారని ఆయన చెప్పేవారు. 1932లో విడుదలైన మన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" కూడా ఇప్పుడు ఎక్కడా లేదు. ప్రహ్లాదుడు మన భాషలో తెర మీద మొదటిసారి మాట్లాడిన మాట మనమెవ్వరం వినలేం. ఆ వెండి మాత్రం ఎక్కడికీ పోయి ఉండదు. ఎవరి కాలి పట్టీలోనో, ఎవరింటి కుంకుమ భరిణెలోనో ఉండే ఉంటుంది.

"వెండి ఎప్పుడన్న దొరుకుతది బిడ్డా. చేతిపని కరిగితే మల్ల రాదు" అన్నాను.

అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నిజమే తాతా. గానీ నా సినిమా సగంల ఆగితే అదీ పోయినట్టే గదా?"

చూశారా! పెద్దరికం చూపిద్దామని పోతే నా నోరే మూయించాడు. వాడన్నదీ నిజమే. సగంలో ఆగిన అల్లిక బాధ నాకు తెలియనిదా! బాపు ఉంటే ఏం చేసేవాడా అని ఆలోచించాను. ఆ సాయంత్రం ఆయన తిట్టలేదు, కొట్టలేదు. కూర్చుని పని పూర్తి చేశాడు.

లోపలికి వెళ్ళి, ఓ ఆర్డరు కోసం వెండి కొనడానికి దాచిన డబ్బు తీసుకొచ్చాను. ఆ రోజు ధర ప్రకారం, కోత లేకుండా, కాగితం మీద లెక్క రాసి చేతిలో పెట్టాను. నా కొడుకు మూతి ముడిచాడు. "బాపూ, గది కరిగిస్తే ఆర్డరుకు వెండన్న అయితది!" అన్నాడు. కరిగించనన్నాను.

అబ్బాయికి నెమలి కథంతా చెప్పాను. గోడ దూకిన సంగతి, రెప్ప వాలిన సంగతి, పెసరగింజ సంగతి. వాడు పడీ పడీ నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు నాయినమ్మ దీన్ని ఊపి నన్ను నిద్రపుచ్చేది తాతా. లోపల ఏముందంటే నెమలి పాట అనేది" అన్నాడు.

"ఇది ఈడనే ఉంటది. నీ సినిమా ఆడినంక వచ్చి, ఇదే పైస ఇచ్చి తీసుకపో. వెండి ధర పెరిగినా నాకు ఇదే లెక్క."

వెళ్ళబోతూ ఆగాడు. ఫోను తీసి, "ఒక్కసారి ఊపు తాతా, రికార్డు చేసుకుంటా" అన్నాడు. పంకా ఆపాం. నా కొడుకును కూడా మాట్లాడొద్దన్నాం. ఊపాను.

గల్... గల్...

"మా సినిమాల ఒక ముసలామె నడిచొచ్చే సీన్ ఉన్నది. ఆమె కాలికి ఈ చప్పుడు పెడుతా" అన్నాడు.

శుభం కార్డుకు ముందు

నెమలిని కుంకుడు రసంతో కడిగి, ఇత్తడి బ్రష్షుతో రుద్దాను. వంగిన ఈకలు సరిచేశాను. మెడ దగ్గర బాపు అతికిన చోటు మాత్రం ముట్టలేదు. హారం కొంచెం జరిపి, భూతద్దం పెట్టి చూస్తే ఆ గీత ఇంకా కనిపిస్తుంది. పైన నాలుగు చుట్టలు బాపువి. పొద్దున అల్లినవి, నిబ్బరంగా ఉంటాయి. కింద నాలుగు కూడా బాపువే. ఆకలితో, కోపం మింగి, సాయంత్రం లోపల అల్లినవి. అవీ అంతే నిబ్బరంగా ఉన్నాయి! నలభై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ విషయం చూశాను.

దారం, గింజ అన్నాను గదా మొదట్లో. దారం మా బాపుది. గింజ నాది. పని ఇద్దరిదీ.

ఇప్పుడది నా బల్ల మీదే ఉంది. ఆ అబ్బాయి ఇంకా రాలేదు. ఎడిటింగు జరుగుతోందని ఫోను చేస్తుంటాడు. నేనూ తొందరపెట్టను. తొందరపడితే తీగ తెగుతుందని తెలిసినవాణ్ణి. మొదటి ఆటకు నాకు టికెట్ పంపిస్తానన్నాడు. ఏ షోకి పంపించాలి తాతా అని అడిగితే, ఏం చెప్పానో ఊహించండి!

సెకండ్ షోకే. మరునాడు పొద్దున కుంపటి వెలిగించను లెండి!